బల్లార్షాలో ఏ కారు కొనాలి: బ్యాటరీదా, పెట్రోల్‌దా?

మా మేడ మీద సోలార్ పలకలు ఉన్నాయి. వారానికోసారి ఎండ ఎక్కకముందే పైకి వెళ్లి తడిగుడ్డతో తుడుస్తాను. ఒక్క పలక అయ్యేసరికే గుడ్డ నల్లబడుతుంది. మామూలు దుమ్మయితే నీళ్లు పోస్తే పోతుంది. ఇది జిడ్డుగా వేళ్లకు పట్టుకుని సబ్బు పెడితే గానీ వదలదు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో, బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్, చంద్రపూర్‌లలో ఉండే మనవాళ్లకు దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గనుల నుంచి లారీల్లో, రైలు వ్యాగన్లలో పోయే బొగ్గులో కొంత మన ఇళ్ల మీదే దిగుతుంది. ఆ పలకల కింద, వాకిట్లో, నా బ్యాటరీ కారు చార్జింగులో ఉంటుంది.

మూడేళ్ల కింద ఆ కారు కొన్నప్పుడు మంచిర్యాల నుంచి మా బావ వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "కరెంటు ఏడికెళ్లి వస్తది? గీ బొగ్గుకెళ్లే గదా. పొగ గొట్టం కారుకు తీసేసి పవర్‌హౌస్‌కు పెట్టిన్రు, గంతే" అన్నాడు. మా బాపు పక్కనే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపిన మనిషి. బావ మాటకు అవుననలేదు, కాదనలేదు. "లెక్క దీసి సూడరాదు బిడ్డా" అన్నాడు నాతో.

ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. ఈ మూడేళ్లలో కారు కొనాలనుకున్న చుట్టాలు, తోటి టీచర్లు పదిమంది దాకా నన్ను ఇదే అడిగారు. అందరికీ ఒకే జవాబు చెప్పలేకపోయాను. రోజూ చంద్రపూర్ వెళ్లి వచ్చే మనిషికి సరిపోయే కారు సిరొంచలో ఉండే మా తమ్ముడికి సరిపోదు.

బావ మాట ఎంతవరకు నిజం

ముందు పెట్రోల్ సంగతి. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన రోడ్ల మీద చిన్న కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 150 గ్రాముల పైచిలుకు. ముడిచమురు తోడటం, ఓడలో తేవడం, రిఫైనరీలో శుద్ధి చేయడం, ట్యాంకర్‌లో బంకు దాకా తెచ్చిపోయడం కూడా కలిపితే ఇంకో ఐదో వంతు పెరుగుతుంది. మొత్తం 185 గ్రాములు అనుకుందాం.

ఇప్పుడు బ్యాటరీ కారు. నా కారు ఒక యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు నడుస్తుంది. కానీ బ్యాటరీలోకి ఒక యూనిట్ చేరాలంటే పవర్‌హౌస్ దగ్గర 1.3 యూనిట్లు బయల్దేరాలి. దారిలో తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కొంత పోతుంది, చార్జర్ వేడెక్కి ఇంకొంత పోతుంది. దేశం మొత్తం మీద అన్ని రకాల కరెంటూ కలిపి చూస్తే యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పడుతోందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆ లెక్కన కిలోమీటరుకు 130 గ్రాములు. పెట్రోల్ కంటే తక్కువే, కానీ షోరూమ్ బోర్డు మీద రాసినట్టు సున్నా కాదు.

ఇక బావ అన్న మాట. కరెంటు మొత్తం మన చంద్రపూర్ థర్మల్ కేంద్రం చిమ్నీ నుంచే వచ్చిందనుకుందాం. బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు ఒక కిలో. పై లెక్కలో 0.7 తీసేసి ఒకటి పెడితే వచ్చేది 185 గ్రాములు, అంటే పెట్రోల్ కారుతో సరిసమానం. కాగితం మీద ఈ అంకె చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. బావ ఊరికే అనలేదు. రాత్రి పది గంటలకు, సూర్యుడు లేని సమయంలో, ఊరంతా ఏసీలు వేసుకున్నప్పుడు ప్లగ్గు పెడితే ఆ కరెంటులో బొగ్గు వాటా చాలా ఎక్కువ.

మరి తేడా ఎక్కడుంది? గ్రిడ్డు, అంటే దేశమంతా కలిసిన కరెంటు తీగల వల, ఒక్క చంద్రపూర్‌ది కాదు. దేశంలో కరెంటు తయారు చేయగల సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాస్ కానివాటిదే. 2030కి చేరాలనుకున్న ఆ గురిని 2025లోనే అందుకున్నారు. నిజంగా తయారయ్యే కరెంటులో మాత్రం ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే, అది దాచేదేమీ లేదు. కానీ ఇవాళ కొన్న కారు పన్నెండు, పదిహేనేళ్లు నడుస్తుంది. పెట్రోల్ కారు పదో ఏట కూడా మొదటి ఏడాది లాగే పొగ వదులుతుంది, పాతబడ్డాక ఇంకాస్త ఎక్కువే. బ్యాటరీ కారుకు వచ్చే కరెంటు ఏడాదికేడాది కొంత శుభ్రపడుతూ పోతుంది. అంతర్జాతీయ రవాణా పరిశోధన సంస్థ ఐసీసీటీ 2021లో ఈ లెక్క చేసింది. తయారీ నుంచి తుక్కు దాకా మొత్తం జీవితం చూస్తే మన దేశంలో మధ్యరకం బ్యాటరీ కారు పెట్రోల్ కారు కంటే 19 నుంచి 34 శాతం తక్కువ కాలుష్యం చేస్తుందని తేల్చింది. అదే సంస్థ యూరప్‌కు ఇచ్చిన అంకె అరవై శాతం పైనే. ఆ వ్యత్యాసానికి ముఖ్య కారణం మన బొగ్గే.

బ్యాటరీ తయారీ అప్పు

బ్యాటరీ కారు షోరూమ్ నుంచి బయటికి వచ్చేటప్పటికే ఒక అప్పు మోసుకుని వస్తుంది. బ్యాటరీ తయారీలో ప్రతి కిలోవాట్ అవర్ (అంటే ఒక యూనిట్) సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 30 కిలోవాట్ అవర్ల చిన్న బ్యాటరీకి సుమారు 2.3 టన్నులు అనుకోండి. ఆ అప్పు తీరేదాకా పెట్రోల్ కారే నయం.

ఇవాళ్టి గ్రిడ్డు కరెంటుతో కిలోమీటరుకు 55 గ్రాములు మిగులుతుంది. 2.3 టన్నులు తీరాలంటే 42 వేల కిలోమీటర్ల దాకా నడపాలి. నాకు బల్లార్షా నుంచి చంద్రపూర్ పోయి రావడం రోజుకు 32 కిలోమీటర్లు. ఏడాదికి మూడొందల రోజులు అనుకుంటే నాలుగేళ్ల పైచిలుకు. ఏడాదికి నాలుగు వేలు నడిపే మనిషికి పదేళ్లు పడుతుంది. 45 కిలోవాట్ అవర్ల పెద్ద బ్యాటరీ తీసుకుంటే 60 వేల కిలోమీటర్లు దాటాలి. అందుకే రోజూ అవసరం లేనిదే పెద్ద బ్యాటరీ జోలికి పోవద్దంటాను. ఎప్పుడో ఏడాదికి రెండుసార్లు హైదరాబాద్ పోతామని, మిగతా రోజులంతా ఆ అదనపు బరువును మోసుకు తిరగడం ఎందుకు? అంత బరువుకు టైర్లు కూడా త్వరగా అరుగుతాయి.

మేడ మీద సోలార్ పెట్టాక నా లెక్క మారిపోయింది. పలకల తయారీ కూడా కలుపుకుని కిలోమీటరుకు 35 గ్రాములు అనుకున్నా 150 గ్రాములు మిగులు. తయారీ అప్పు 15 వేల కిలోమీటర్లకే తీరుతుంది. మూడు కిలోవాట్ల పలకలు మన ఎండకు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద వాటికి 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఎండకు మన జిల్లాలో కొదవ లేదు. తుడవకపోతే మాత్రం ఆ నల్ల దుమ్ము వల్ల కరెంటు తగ్గడం మీటర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. నెల రోజులు వదిలేసి చూశాను, అందుకే చెబుతున్నాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నెట్ మీటరింగ్ పెట్టుకున్నవాళ్లు పగలు యూనిట్లు గ్రిడ్డుకు ఇచ్చి, రాత్రి కారు చార్జ్ చేసుకుంటారు. బిల్లులో రెండూ చెల్లుకు చెల్లు. గాలి లెక్కలో మాత్రం రాత్రి కారులోకి పోయింది బొగ్గు కరెంటే. నేను ఆదివారం పగలంతా, మిగతా రోజుల్లో స్కూలు నుంచి వచ్చాక వెలుతురు ఉన్నంతసేపు చార్జింగు పెడతాను. పగటిపూట ఇంట్లో కారు ఉంచగలిగేవాళ్లకు ఇది ఇంకా సులువు. స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు పగలు వాడిన యూనిట్ మీద మహారాష్ట్ర కరెంటు సంస్థ మహావితరణ కొంత తగ్గింపు కూడా ఇస్తోంది.

పెట్రోల్ ఇంజన్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటారు కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ అనే మూడో రకాన్ని కూడా పక్కన పెట్టలేం. ఊళ్లో లీటరుకు 22 దాకా ఇచ్చే హైబ్రిడ్ కారు కిలోమీటరుకు 125 గ్రాముల దగ్గర తేలుతుంది. అంటే ఇవాళ్టి గ్రిడ్డు మీద నడిచే బ్యాటరీ కారుతో సమానం, పెద్ద బ్యాటరీ తయారీ అప్పు కూడా లేదు. ఇంట్లో చార్జింగుకు చోటు లేనివాళ్లు, ఎక్కువ దూరాలు తిరిగేవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి. ధర ఎక్కువన్నదే దీనితో ఇబ్బంది.

పెట్రోల్‌లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి దాని కాలుష్యం తగ్గింది కదా అంటారు. కొంత తగ్గుతుంది. కానీ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ పడుతుంది. ఆ ఇథనాల్ చెరకు నుంచో, మక్కల నుంచో రావాలి, వాటికి నీళ్లు పెట్టాలి. 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న కారైతే రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి మెకానిక్‌కు చూపించుకోవడం మంచిది.

మన గాలి మాట వేరే

కార్బన్ డయాక్సైడ్ లోకమంతటి బాధ. మనకు దానికంటే దగ్గరి బాధ ఇంకోటి ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు చంద్రపూర్‌కు 83.88 వచ్చి, దేశంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పరీక్షలో ఎక్కువ మార్కులు రావడం అంటే ఎక్కువ విషం అని. థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. చుట్టూ ఓపెన్‌కాస్ట్ గనులు, గడ్చందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మా బల్లార్షాలో కాగితం మిల్లు.

ఈ సంగతి మీద నాకు కోపం కూడా ఉంది. పెద్ద నగరంలో ఎవరో బ్యాటరీ కారు కొంటే ఆ నగరంలో పొగ తగ్గుతుంది. ఆ కారుకు కావలసిన కరెంటులో కొంత ఇక్కడి చిమ్నీ నుంచి పోతుంది, బూడిద మాత్రం ఇరాయి నది పక్కన మన దగ్గరే ఉండిపోతుంది. ఊపిరి ఆడక రాత్రిళ్లు కూర్చునే గని కార్మికుల ఇళ్లలో నేను పెరిగాను. అందుకే "బ్యాటరీ కారు కొంటే గాలి బాగుపడుతుంది" అనే మాటను మన ఊరికి అలాగే తెచ్చి అతికించలేను.

అయినా ఒక మేలు ఇక్కడా ఉంది. చిమ్నీ పొగ ఎత్తున పోయి చాలా దూరం పరుచుకుంటుంది. కారు పొగ మనిషి ముక్కు ఎత్తులో, స్కూలు గేటు ముందు, కూరగాయల బజారులో వస్తుంది. మధ్యాహ్నం మా స్కూలు వదిలేవేళ గేటు ముందు ఇరవై ఆటోలు, పది కార్లు ఇంజన్లు ఆపకుండా నిలబడతాయి. ఆ పొగలో మూడో తరగతి పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. వాళ్ల ముందు ఆగే ఒక్క కారు అయినా పొగ లేనిదైతే ఆ పిల్లలకు అంతమేరకు నయం. బ్యాటరీ కారులో బ్రేకు ఎక్కువగా మోటారే వేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్ల దుమ్ము కూడా తక్కువ.

దారిలో ఆగిపోతుందా?

టెన్షన్ అందరికీ ఇక్కడే. ఈ విషయంలో రెండు పెద్ద లెక్కలు పైకి ఒకదానికొకటి ఎదురు నిలబడ్డట్టు కనిపిస్తాయి. జర్మనీలో రోడ్డు మీద ఆగిపోయిన కార్లకు సాయం చేసే ఏడీఏసీ సంఘం 2024 లెక్కల్లో, 2020 నుంచి 2022 మధ్య రిజిస్టరైన కార్లను పోల్చింది. వెయ్యి బ్యాటరీ కార్లకు 4.2 సార్లు పిలుపు వస్తే, వెయ్యి ఇంజన్ కార్లకు 10.4 సార్లు వచ్చింది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2023లో కారు యజమానులను అడిగితే బ్యాటరీ కార్లలో ఇంజన్ కార్ల కంటే 79 శాతం ఎక్కువ ఇబ్బందులు తేలాయి. ఏడాది తిరిగేసరికి ఆ తేడా 42 శాతానికి తగ్గింది.

రెండూ నిజమే. మొదటిది కారు రోడ్డు మీద కదలకుండా ఆగిపోవడాన్ని లెక్కపెట్టింది. రెండోది స్క్రీన్ పనిచేయకపోవడం, చార్జింగు మధ్యలో ఆగడం, సాఫ్ట్‌వేర్ తిక్క చేయడం లాంటివన్నీ కలిపింది. నా అనుభవం కూడా సరిగ్గా ఇలాగే ఉంది. మూడేళ్లలో స్క్రీన్ రెండుసార్లు నల్లబడింది, ఒకసారి సాఫ్ట్‌వేర్ మార్చాక చార్జింగు పోర్టు మూత తెరుచుకోలేదు. దారి మధ్యలో మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

ఆగింది ఇంట్లోనే, రెండో ఏడాది ఒక పొద్దున. పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జి ఉంది, కారు మాత్రం లేవలేదు. తాళం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. చూస్తే లోపల ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయింది, పెట్రోల్ కారులో ఉండే మామూలు బ్యాటరీయే. పక్కింటివాళ్ల కారు నుంచి తీగలు తగిలిస్తే ఐదు నిమిషాల్లో లేచింది. జర్మనీ లెక్కలో కూడా కార్లు ఆగడానికి మొదటి కారణం ఈ చిన్న బ్యాటరీయే. రెండేళ్లు దాటాక దాన్ని కొలిపించుకుంటూ ఉండండి.

దీనికి ముందు రెండున్నరేళ్లు బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కారు నడిపాను. అప్పుడు నా స్కూలు ఇంటికి నాలుగు కిలోమీటర్లే. డీజిల్ కారులో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలి శుభ్రపడాలంటే కారు కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. నాలుగు కిలోమీటర్లలో అది వేడెక్కదు. నెలకోసారి డాష్‌బోర్డు మీద నారింజ దీపం వెలిగేది. దాన్ని ఆర్పడానికి రాజురా దాటి లక్కడ్‌కోట్ దాకా, ఏ పనీ లేకుండా, పోయి వచ్చేదాన్ని. సర్వీస్ సెంటర్‌వాళ్లు కొనేటప్పుడు ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, తర్వాత రెండుసార్లు శుభ్రం చేసి డబ్బులు తీసుకున్నారు. తక్కువ దూరాలు తిరిగేవాళ్లు డీజిల్ కొనకండి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

పెట్రోల్ కారుకు ఉన్న పెద్ద బలం మెకానిక్. అహేరిలో కారు ఆగితే అక్కడే ఎవరో ఒకరు బానెట్ ఎత్తి చూడగలరు. బ్యాటరీ కారుకు చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో తెలిసినవాళ్లు ఉంటారు. చెడిపోయేవి తక్కువే, కానీ చెడితే కారును మోసుకుపోవాలి. ఎలుకలకు మాత్రం భేదం లేదు, రెండింటి తీగలూ కొరుకుతాయి.

47 డిగ్రీల ఎండలో బ్యాటరీ

మే నెలలో మన దగ్గర 47 దాటిన రోజులు అందరం చూశాం. బ్యాటరీకి చలి కంటే వేడే ఎక్కువ చేటు. చలిలో దూరం తగ్గినా వాతావరణం మారితే తిరిగి వస్తుంది. వేడిలో పోయిన సామర్థ్యం తిరిగి రాదు. 2012 ప్రాంతంలో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో నిస్సాన్ లీఫ్ కార్ల బ్యాటరీలు చాలా త్వరగా నీరసించాయి. ఆ కార్లలో బ్యాటరీని నీటితో చల్లబరిచే ఏర్పాటు లేదు. ఎండ కూడా అచ్చం మన ఎండే.

కాబట్టి షోరూమ్‌లో స్క్రీన్ ఎంత పెద్దదో తర్వాత చూడవచ్చు, ముందు బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ ఉందా అని అడగండి. లేదంటే మన జిల్లాకు ఆ కారు వద్దు. రెండో ప్రశ్న, బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ రకమా అని. ఇనుము, ఫాస్ఫేట్‌లతో చేసే ఈ రకం వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జ్ చేసినా మన్నుతుంది, అంటుకునే భయం తక్కువ. ఇందులో కోబాల్ట్ ఉండదు. లోకంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండు వంతుల పైనే కాంగో దేశం నుంచి వస్తుంది, అక్కడి గనుల్లో పిల్లలు కూడా పని చేస్తున్నారు. గనుల ఊరిలో పుట్టినదాన్ని కాబట్టి ఈ మాట నాకు గట్టిగా తగిలింది.

సామర్థ్యం మామూలుగా ఏడాదికి రెండు శాతం దాకా తగ్గుతుంది. ఎక్కువ కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఆ కాగితంలో సామర్థ్యం ఎంత శాతానికి పడితే బ్యాటరీ మారుస్తారో రాసి ఉంటుంది, ఆ అంకె చదివాకే సంతకం పెట్టండి. నేను ఎండాకాలం కారును రేకుల షెడ్డు కింద పెడతాను, షెడ్డు మీద వరిగడ్డి పరిచాను. ఎండలో నడిపి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టను, గంట ఆగుతాను. మూడేళ్లకు నా బ్యాటరీ ఐదు శాతం తగ్గింది. మేలో ఏసీతో నడిపితే చలికాలంలో 200 కిలోమీటర్లు పోయే కారు 165 పోతుంది. పాత బ్యాటరీని ఏం చేయాలన్నది 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారుచేసిన కంపెనీ బాధ్యతే, తుక్కువాడికి వేయకండి.

మంటల సంగతి అడుగుతారు. 2022లో స్కూటర్లు కాలిపోవడం అందరం టీవీలో చూశాం, ఆ తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిపడ్డాయి. ఎక్స్‌టెన్షన్ వైరు మీద చార్జింగు పెట్టకుండా ఉంటే సగం భయం పోయినట్టే.

ఎర్తింగ్ గుంత

మొదటి వేసవిలో ఒక రాత్రి చార్జర్ ఎర్ర దీపం చూపించి మొరాయించింది. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ నడుస్తున్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే కారు తీసుకురమ్మన్నారు. మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి, చార్జర్ ముట్టుకోకుండా, నేరుగా పెరట్లోకి వెళ్లాడు. ఎర్తింగ్ గుంత మీది రాయి తీశాడు. లోపల మట్టి ఎండి నెర్రెలు బారి ఉంది. రెండు బకెట్ల నీళ్లు పోయమన్నాడు. పోశాం. పది నిమిషాలకు చార్జర్ పచ్చ దీపం వెలిగించింది. మట్టి ఎండితే భూమిలోకి కరెంటు పోయే దారి మూసుకుపోతుంది, అది గమనించి చార్జర్ తనంతట తాను ఆగిపోతుంది. మంచిదే, అది మన ప్రాణం కోసమే. మర్నాడు అతను గుంత లోతు చేసి, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి కొత్తగా కట్టాడు. అప్పటినుంచి మే నెలలో వారానికోసారి ఆ గుంతకు నీళ్లు పోస్తున్నాను.

మన రోడ్లు, మన ప్రయాణాలు

చంద్రపూర్ నుంచి నాగపూర్ 150 కిలోమీటర్లు. ఎండాకాలం కాకపోతే, పొద్దున నిండా చార్జ్ చేసి బయల్దేరితే వరోరా మీదుగా ఒక్క ఊపులో చేరవచ్చు, అక్కడ చార్జింగు స్టేషన్లు చాలా ఉన్నాయి. తెలంగాణలోకి దాటాక మంచిర్యాల వైపు నాలుగు వరసల రోడ్డు కాబట్టి వేగం పెరుగుతుంది, వేగంతో పాటు బ్యాటరీ ఖర్చూ పెరుగుతుంది. 100 మీద పోయే బదులు 80 మీద పోతే ఐదో వంతు ఆదా. హైదరాబాద్ దాదాపు 400. చిన్న బ్యాటరీతో దారిలో రెండుసార్లు ఆగాలి. ముసలివాళ్లతో, పిల్లలతో అయితే ఆ ఆగడం మంచిదే అనిపించింది నాకు. ఒక్కడే రాత్రికి రాత్రి వెళ్లి రావాలనుకునేవాడికి చిరాకు.

సిరొంచ వేరే లోకం. చంద్రపూర్ నుంచి ఆష్టి, ఆలాపల్లి మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైన. అడవి, గుంతలు, ఫోన్ సిగ్నల్ లేని చోట్లు. మా తమ్ముడు అక్కడే వ్యవసాయం. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, వాడి తిరుగుడు అంతా ఆ వైపు. వానాకాలం గాలివానకు తీగ తెగితే రెండు రోజులు కరెంటు ఉండదు. వాడికి పెట్రోల్ కారే కొనమన్నాను, సందేహించకుండా.

వరదల్లో రెండూ ఒకటే. వార్ధా నది పొంగి రాజురా వంతెన మీదికి నీళ్లు వచ్చినప్పుడు బ్యాటరీ పెట్టెకు నీరు చొరదని కంపెనీ చెప్పిందని ఎవరూ దిగకండి. ఆ పరీక్ష నిలబడిన నీళ్లలో చేసింది, ప్రవాహంలో కాదు.

నన్ను అడిగినవాళ్లకు చెప్పింది

రోజూ ముప్పై, నలభై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగం, సొంత ఇల్లు, వాకిట్లో చోటు ఉన్నవాళ్లకు బ్యాటరీ కారు. మేడ మీద సోలార్ కూడా పెట్టుకుంటే నాకు ఏ సందేహమూ లేదు. ఖర్చు చూసినా కిలోమీటరుకు పెట్రోల్ ఏడు రూపాయలు అవుతుంటే ఇంటి కరెంటు రెండు దాటదు. జీఎస్‌టీ కూడా 5 శాతమే, చిన్న పెట్రోల్ కారుకు 18 శాతం. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను లేదని అక్కడి చుట్టాల పేరు మీద కొంటున్నవాళ్లు ఉన్నారు. ఇక్కడే తిప్పేటట్టయితే ఏడాదిలోపు ఎంహెచ్ 34, అంటే చంద్రపూర్ రిజిస్ట్రేషన్ కిందికి మార్పించుకోవాలి, అది మరవకండి.

అపార్ట్‌మెంట్‌లో, క్వార్టర్‌లో ఉండి ప్లగ్గు సొంతం కానివాళ్లు తొందరపడకండి. బయటి చార్జర్ల మీదే బతకాలంటే ఖర్చూ, విసుగూ రెండూ పెరుగుతాయి. హైబ్రిడ్ కొనగలిగితే అది, లేదంటే మైలేజీ బాగా ఇచ్చే చిన్న పెట్రోల్ కారు. ఇంట్లో రెండు కార్లు ఉన్నవాళ్లు ఒకదాన్ని బ్యాటరీకి మార్చి, రోజువారీ పనంతా దాని మీదే నడపవచ్చు.

ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లకు నా సలహా చాలామందికి నచ్చదు: ఏదీ కొనకండి. ఉన్న కారును బాగు చేయించి నడపండి. కొత్త కారు ఏదైనా సరే, దాని ఇనుము, అల్యూమినియం, రబ్బరు తయారీకి అయ్యే కాలుష్యం మీరు తిరిగే ఆ కొద్ది దూరంలో తీరదు. బల్లార్షా నుంచి కాజీపేట వైపు రైళ్లు ఉన్నాయి, చంద్రపూర్‌కు మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సు ఉంది.

బావకు కూడా ఇదే చెప్పాను. ఆయనది 2017 పెట్రోల్ కారు, నెలకు మూడొందల కిలోమీటర్లు. పోయిన దసరాకు బతుకమ్మ ఆటకు వచ్చినప్పుడు లెక్క కాగితం ముందు పెట్టాను. బాపు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరసా చదివి, 185 దగ్గర వేలు పెట్టి ఆగాడు. "ఇది నేను తవ్విందే గదా" అన్నాడు. బావ ఏమీ అనలేదు. వెళ్లేముందు మేడెక్కి పలకలు చూశాడు, కిందికి వచ్చి మూడు కిలోవాట్లకు ఎంత జాగా కావాలని అడిగాడు. కారు మార్చలేదు. మంచిర్యాలలో ఇంటి మీద పలకలు మాత్రం సంక్రాంతికి పెట్టించాడు.